వంద యెన్లకి మూడు పాటలు: 'తైకో నో తత్సుజిన్' డ్రమ్ము ఆటతో నా రెండేళ్ళు

ముందే చెప్పేస్తాను, నేను గేములు ఆడే మనిషిని కాదు. ఫోన్లో మిఠాయిలు పగలగొట్టే ఆట కూడా రెండో రోజుకే విసుగొచ్చి తీసేశాను. టోక్యోకి వచ్చి ఎనిమిదేళ్ళవుతున్నా, గేమ్ సెంటర్ అంటే పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని గబగబా దాటించాల్సిన చోటనే అనుకునేదాన్ని. లోపల పదిహేను పాటలు ఒకేసారి మోగుతుంటాయి. తిరనాళ్ళలో మైకు సెట్లన్నీ తెచ్చి ఒకే పందిట్లో పెట్టినట్టుంటుంది. అలాంటిది ఇప్పుడు నా పర్సులో వంద యెన్ల నాణేలకి విడిగా ఒక అర ఉంది. కూరగాయల కొట్లో చిల్లర అడిగినా ఆ అర ముట్టుకోను.

రెండేళ్ళ కిందట జూన్‌లో మొదలైంది ఈ పిచ్చి. జూన్ అంటే ఇక్కడ వానలు. ఆ ఆదివారం పొద్దుటి నుంచీ తెరిపివ్వలేదు. మేముండే నిషి-కసాయ్‌లో మనవాళ్ళు ఎక్కువ కాబట్టి కందిపప్పు దగ్గర్నుంచి కరివేపాకు దాకా అన్నీ దొరుకుతాయి గానీ, వానొస్తే పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళాలో మాత్రం ఎవరికీ తెలీదు. మా అమ్మాయి పోరు పడలేక తోజాయ్ లైన్ ఎక్కి, కయబాచోలో హిబియా లైన్‌కి మారి, గేమ్ సెంటర్లకి పేరున్న అకిహబరాలో దిగాం. అక్కడ బొమ్మల్ని పట్టుకునే క్రేన్ మెషీన్‌లో అది ఎనిమిది సార్లు నాణెం వేసింది. ఆ పిల్లి బొమ్మ ఎనిమిది సార్లూ అంచు దాకా వచ్చి, లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మంలోనే నిలబడి కబుర్లు చెప్పే పక్కింటావిడలా అక్కడే ఆగిపోయింది. 800 యెన్లు! తొమ్మిదోది వేయబోతుంటే చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కుపోయాను. ఆ పక్కనే ఉంది తైకో నో తత్సుజిన్. తైకో అంటే జపాన్ డోలు, తత్సుజిన్ అంటే ఘనాపాటి.

నడుము ఎత్తులో పక్కపక్కన రెండు పెద్ద డ్రమ్ములు, ఎదురుగా తెర. ఒక్కో డ్రమ్ముకి రెండు కర్రలు, వాటిని బచి అంటారు. తెర మీద కుడివైపు నుంచి ఎర్ర బిళ్ళలు, నీలం బిళ్ళలు పాటతో పాటు జారుకుంటూ వస్తాయి. ఎడమవైపు ఒక వలయం ఉంటుంది. బిళ్ళ సరిగ్గా ఆ వలయంలోకి వచ్చినప్పుడు ఎర్రదైతే డ్రమ్ము మధ్యలో కొట్టాలి, నీలందైతే అంచు మీద కొట్టాలి. పెద్ద బిళ్ళకి రెండు చేతులూ వాడాలి. పసుపు పట్టీ వస్తే అది ఉన్నంతసేపూ ఎన్ని పడితే అన్ని దెబ్బలు. బుడగ వస్తే దాని మీదున్న అంకె అయ్యేదాకా కొట్టి పగలగొట్టాలి. అంతే ఆట. మా అమ్మాయికి అర్థమవడానికి పది సెకన్లు పట్టింది, నాకు ఒక పాట పట్టింది.

రెండో పాట సగంలో ఉండగా చూసుకుంటే నా హ్యాండ్‌బ్యాగ్ నేల మీదుంది, చున్నీ నడుముకి కట్టుకుని ఉన్నాను. ఎప్పుడు కట్టుకున్నానో తెలీదు.

ఈ ఆటలో కాళ్ళూ చేతులూ ఉన్న డ్రమ్ము ఒకటి గెంతుతూ ఉంటుంది, దాని పేరు దొన్‌చన్. ఏం మాట్లాడినా చివర 'దొన్' తగిలిస్తుంది. పాట గట్టెక్కితే "ఇంకోసారి ఆడుకోవచ్చు దొన్!" అని అరుస్తుంది. మా అమ్మాయి ఇప్పుడు ఇంట్లో అన్నం వద్దు దొన్, హోంవర్క్ అయిపోయింది దొన్ అంటోంది. ఆ నష్టం కూడా ఈ సమీక్షలో లెక్క వేసుకోండి.

దొన్ అంటే ఆ డ్రమ్ము ముద్దుపేరు మాత్రమే అనుకున్నాను. కాదట. ఎర్ర దెబ్బ దొన్, నీలం దెబ్బ కా. గేము వాళ్ళు కల్పించినవి కావివి. ఇక్కడ తైకో నేర్పేటప్పుడు దెబ్బలన్నిటినీ ముందు నోటితో పలికిస్తారు. మధ్యలో పడేది దొన్, గబగబా రెండు పడితే దొకో, అంచు మీద పడేది కా. ఆ నోటిపాఠాన్ని కుచి-షోగ అంటారు. తైకో బడిలో చేరిన ఆఫీసు కొలీగ్ ఒకావిడ భోజనం బల్ల దగ్గర ఈ ముక్క చెప్పినప్పుడు నా చేతిలో పెరుగన్నం స్పూన్ అలాగే ఆగిపోయింది.

ఎందుకంటే మా ఇంట్లో ఇదే ఇంకో భాషలో జరిగింది. తెనాలిలో మా వసారాలో వారానికి రెండు సాయంత్రాలు మా అన్నయ్యకి మృదంగం పాఠం. నాకు కాదు, అన్నయ్యకి. నేను అరుగు మీద చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వినేదాన్ని. గురువుగారు మొదటి రెండు నెలలు వాడి చేత మృదంగం ముట్టుకోనివ్వలేదు. త ధి తొం నం, త ధి తొం నం, నోటితోనే. "నోటికి రానిది చేతికి రాదు నాయనా" అనేవారు. వాడు ఆటకి పోదామని దిక్కులు చూసేవాడు. వాడికి రావాల్సింది నా నోటికి వచ్చేసింది. తర్వాత వంటింట్లో బియ్యం డబ్బా మూత మీద వాయించేదాన్ని. "ఆ డబ్బా ఏం పాపం చేసిందే" అని అమ్మ అరిచేది. అంతటితో ఆగిపోయింది నా సంగీతం. నలభై ఏళ్ళు దాటాక, భాష సగమే అర్థమయ్యే ఊళ్ళో, వంద యెన్లు వేస్తే ఎవరూ వద్దనని డబ్బా దొరికింది.

సరే, ఆట సంగతికి వస్తాను. ప్రతి పాటకీ నాలుగు స్థాయిలు. కంతన్, ఫుత్సూ, ముజుకషీ, ఒని. తేలిక, మామూలు, కష్టం, రాక్షసం. నిజంగానే ఒని అంటే కొమ్ములున్న రాక్షసుడు. అదే పాట, అదే వేగం, కానీ స్థాయి పెరిగే కొద్దీ బిళ్ళలు వత్తుగా వస్తాయి. తేలిక స్థాయిలో తాళం వేసినట్టు, ఒనిలో కచేరీ మధ్యలో మృదంగం ఒంటరిగా విజృంభించే తని వాయించినట్టు. నేను నాలుగు వారాలు మామూలు స్థాయిలో ఉన్నాను. ఆ నాలుగు వారాలూ కళ్ళతో ఆడాను. బిళ్ళ వలయంలోకి రావడం చూడడం, కొట్టడం. పాట ఏమిటో కూడా నాకు పట్టేది కాదు. పక్కన కాశీమజిలీ కథలు చదివినా అంతే కొట్టేదాన్ని.

కష్టం స్థాయికి వెళ్ళిన రోజు కళ్ళు పనిచేయడం మానేశాయి. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వరసలో ఉన్న ఒక పాటలో, రెండు తాళం దెబ్బల మధ్య ఎనిమిది బిళ్ళలు ముద్దగా వచ్చేవి. ఎరుపు, నీలం, నీలం, ఎరుపు, నీలం, నీలం, ఎరుపు, నీలం. ప్రతిసారీ నాలుగో బిళ్ళ దగ్గర చెయ్యి తడబడేది. తెర మీద 'ఫుక' అని పడేది, అంటే పనికిరాదు అని. పది సార్లు ఆడాను, అంటే సుమారు నాలుగు వందల యెన్లు ఆ ఒక్క ముద్దకే పోశాను. పదకొండోసారి విసుగొచ్చి రంగులు చూడడం మానేసి విన్నాను. అరే, ఇది తకిట తకిట తక కదా! మూడు, మూడు, రెండు. ఎనిమిదిని నాలుగూ నాలుగూ అనుకుని విరుస్తున్నాను కాబట్టి విరగట్లేదు. నోట్లో తకిట తకిట తక అనుకుంటూ కొట్టాను. ఎనిమిదికి ఎనిమిదీ 'ర్యో'. అంటే భేష్ అని. ఆ తర్వాత ఆ పాటలో ఆ ముద్ద ఎక్కడెక్కడ వస్తుందో నాకు ముందే తెలిసిపోయేది, వయొలిన్లు దాన్ని ముందు నుంచే చెబుతున్నాయి. నాలుగు వారాలుగా నా చెవులకి వినబడుతూనే ఉంది, నేనే వినలేదు.

ఈ ఆటల మీద ఇంతమందికి ఇంత మోజు ఎందుకో నాకు ఆ రోజు అర్థమైంది. పాట వినడం మనందరికీ వచ్చు. వింటూ బట్టలు మడతేస్తాం, కూర తరుగుతాం. దెబ్బ వెయ్యాల్సి వస్తే మాత్రం పాటలో ఏ చోట ఏముందో వినక తప్పదు. లేకపోతే గేజ్ నిండదు. గేజ్ అంటే తెర మీదుండే కొలత పట్టీ, సరిగ్గా కొట్టిన కొద్దీ నిండుతుంది, ఒక గీత దాటితేనే పాట గట్టెక్కినట్టు. తప్పు కొట్టినా ఎవరూ ఏమీ అనరు. గురువుగారిలా కళ్ళజోడు పైనుంచి చూసేవాళ్ళు లేరు. ఇంకో మాట, ఏ బిళ్ళా లేని చోట ఊరికే డ్రమ్ము బాదినా మార్కులు కొయ్యరు. పిల్లలు పాటంతా బాదుతూనే ఉంటారు, హాయిగా.

చేతుల సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే కొత్తగా ఆడేవాళ్ళు చిక్కుకునేది ఇక్కడే. మొదట్లో అందరూ కుడిచేత్తో ఎర్రవి, ఎడమచేత్తో నీలంవి కొడతారు. మామూలు స్థాయి దాకా నడుస్తుంది. ఆ పైన నడవదు, ఒకే చేతికి వరసగా నాలుగు దెబ్బలు పడితే మణికట్టు మొరాయిస్తుంది. రంగుతో పని లేకుండా కుడి, ఎడమ, కుడి, ఎడమ అని మార్చి మార్చి కొట్టడం అలవాటు చేసుకోవాలి. అప్పుడు ఇంకో తంటా వస్తుంది. మూడు బిళ్ళల గుత్తి కుడితో మొదలైతే కుడితోనే ఆగుతుంది, కాబట్టి తర్వాతి గుత్తి ఎడమతో ఎత్తుకోవాలి. నా ఎడమ చెయ్యి నలభై ఏళ్ళుగా అన్నం గిన్నె పట్టుకోవడం తప్ప ఏ బాధ్యతా తీసుకోలేదు. దానికి ఎత్తుగడ అప్పగించడానికి మూడు నెలలు పట్టింది. ఇప్పటికీ పెద్దగా నమ్మకం లేదు.

బాగా ఆడేవాళ్ళని చూస్తే తెలుస్తుంది అసలు లెక్క. శుక్రవారం సాయంత్రాలు స్కూల్ యూనిఫాంలో ఒక కుర్రాడు వచ్చేవాడు. సంచిలోంచి సొంత కర్రలు తీసేవాడు. ఇక్కడ చాలామంది సొంత బచి చేయించుకుంటారు, 'మై బచి' అనే అంటారు. మెషీన్‌వి లావుగా ఉంటాయి, ఇతనివి సన్నగా, కొన వైపు తగ్గుతూ పోతాయి. ఒనిలో పది నక్షత్రాల పాట, అంటే కష్టంలో అన్నిటికంటే పై మెట్టుది, పెట్టాడు. రేకుల మీద వడగళ్ళు పడ్డట్టు ఒకటే మోత. చేతులు చూస్తే కదులుతున్నట్టే లేవు. కర్ర డ్రమ్ము మీద పడి తనంతట తను లేస్తోంది, అతను దాన్ని ఊరికే దారి తప్పకుండా చూస్తున్నాడు. మధ్యలో తాళం దెబ్బకి నాలుగు చొప్పున వస్తున్న బిళ్ళలు ఉన్నట్టుండి ఆరు చొప్పున అయ్యాయి. చతురశ్రం లోంచి తిశ్రంలోకి, అంటే నాలుగు లెక్కలోంచి మూడు లెక్కలోకి, ముందు చెప్పా పెట్టా లేకుండా. నాకు ఒళ్ళు జలదరించింది. ఆ అబ్బాయి కనురెప్ప కూడా వేయలేదు. పాట అయ్యాక వెనక్కి తిరిగి చూసి, నేను నిలబడి ఉన్నానని, వంగి నమస్కారం పెట్టి పక్కకి తప్పుకున్నాడు. ఎవరైనా వెనక ఉంటే ఒక నాణెం ఆట అవ్వగానే తప్పుకోవడం ఇక్కడ మర్యాద. రైల్వే కౌంటర్ దగ్గర మన వరసలు గుర్తొచ్చి నవ్వుకున్నాను.

ఇలాంటి సంగీతం ఆటలన్నిటినీ కలిపి ఇక్కడ ఒతొగే అంటారు. నాటి పారాప్పా ది రాపర్ 1996లో ఇంటి గేముగా వచ్చింది, మరుసటి ఏడాది బీట్‌మేనియా, ఆ తర్వాతి ఏడాది కాళ్ళతో తొక్కే డ్యాన్స్ డ్యాన్స్ రెవల్యూషన్ గేమ్ సెంటర్లలోకి వచ్చాయి. మన డ్రమ్ము 2001 ఫిబ్రవరిలో వచ్చింది. చేసింది నామ్కో, ప్యాక్‌మ్యాన్ చేసినవాళ్ళే, ఇప్పుడు బండాయ్ నామ్కో. మిగతావి కూడా ఆడి చూశాను, అబద్ధం చెప్పను. గుండ్రటి తెర చుట్టూ బటన్లుండే మైమై అనేదొకటి ఉంది, అచ్చం ముందు తలుపు వాషింగ్ మెషీన్. కుర్రాళ్ళు గ్లవుజులు వేసుకుని దాని మీద చేతులు రాస్తుంటే సబ్బు మరక వదలగొడుతున్నట్టే ఉంటుంది. నాకు అక్కర్లేదనిపించింది. వాటిల్లో గీత ఎక్కడ పడిందో చూసి అక్కడ వేలు పెట్టడమే ఉంది. ఇక్కడ కర్ర బరువు ఉంది, దెబ్బ ఉంది, దెబ్బకి ఎదురొచ్చే అదురు ఉంది. ఎర్రదీ నీలందీ అని రెండే రకాల దెబ్బలు కావడం కూడా దీని బలమే. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు అరవై ఎనిమిదేళ్ళ వయసులో కొంగు దోపుకుని ఒక పాట ఆడేసింది. ఆ వాషింగ్ మెషీన్ ముందు నిలబెట్టి చూడండి!

ఇక ఇంట్లో ఆడేది. ఇదే ఆట నింటెండో స్విచ్ మీద 'రిథమ్ ఫెస్టివల్' పేరుతో 2022 సెప్టెంబర్‌లో వచ్చింది. తర్వాత 2024లో ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్, కంప్యూటర్లకీ వచ్చింది కాబట్టి ఇండియాలో ఉన్నవాళ్ళకి అదే సులువైన దారి. కొన్నప్పుడు వచ్చే పాటలు 76. ఇంకా కావాలంటే నెల నెలా చందా కట్టి వందల పాటలున్న పెట్టె తెరుచుకోవాలి. ఈ చందా పద్ధతి నాకు నచ్చలేదు. గేము కొన్నాక కూడా పాటల్ని అద్దెకి తెచ్చుకోవడం ఏమిటి! చందా మానేస్తే ఆ పాటలు పోతాయి. మూడు నెలలు కట్టి మానేశాను. ఆ 76లో మేం తరచూ ఆడేవి పాతిక కూడా లేవు, సరిపోతున్నాయి.

ఇంట్లో మొదటి రోజు మాత్రం పరమ ఘోరం. సెకండ్ హ్యాండ్ కొట్లో 4,000 యెన్లకి ఒక చిన్న డ్రమ్ము కంట్రోలర్ తెచ్చాను, పెద్ద దోసె పెనం అంత ఉంటుంది. మా ఆయన ఉత్సాహంగా టీవీకి బ్లూటూత్ స్పీకర్ కలిపాడు, సౌండ్ అదిరిపోవాలని. గేమ్ సెంటర్‌లో కష్టం స్థాయి అవలీలగా కొట్టే నేను ఇంట్లో మామూలు స్థాయిలో గట్టెక్కలేదు. నా చెవులకే ఏదో అయిందనుకుని టెన్షన్ పడ్డాను. నేను కొట్టిన దెబ్బ నాకే ఆలస్యంగా వినిపిస్తోంది, బావిలోకి కేకేస్తే తిరిగొచ్చినట్టు. పాట విని కొడితే బిళ్ళ దాటిపోతోంది, బిళ్ళ చూసి కొడితే పాట తప్పుతోంది. రెండు రోజులు కొట్టుకున్నాక తెలిసింది, బ్లూటూత్‌లో శబ్దం రావడానికి కొంత జాప్యం అవుతుందని, టీవీ బొమ్మని అందంగా చేయడానికి ఇంకొంత తీసుకుంటుందని. సినిమా చూస్తే తెలీదు, తాళానికి మాత్రం అది ఒక యుగం. స్పీకర్ తీసి వైరు పెట్టాం, టీవీని గేమ్ మోడ్‌లో పెట్టాం, ఆట సెట్టింగ్స్‌లోనూ బిళ్ళనీ చప్పుడునీ ముందుకీ వెనక్కీ జరుపుకునే వీలుంది, దాంతో మిగతాది సరిచేసుకున్నాం. కొనేవాళ్ళెవరైనా ముందు ఈ మూడూ చెయ్యండి. చెయ్యకుండా ఆడి, మాకు తాళజ్ఞానం లేదని మూల పడేసినవాళ్ళు ఇద్దరు నాకు తెలుసు.

రెండో కష్టం అంచు. ఆ చిన్న డ్రమ్ము మీద అంచు దెబ్బ నాలుగింట ఒకటి పలకదు. పాతది కాబట్టో, నా దెబ్బ వంకరో, తెలీదు. గట్టిగా కొడితే పలుకుతుంది. గట్టిగా కొడితే కింది ఫ్లోర్ వాళ్ళకి కూడా పలుకుతుంది. మూడో వారం పోస్టు డబ్బాలో బిల్డింగ్ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. జపనీయుల మర్యాద సంగతి తెలుసుగా, ఎవరి పేరూ లేదు, ఏ ఫ్లాటూ లేదు, "నివాసులందరికీ మనవి, సంగీత సాధన రాత్రి 8 లోపు ముగించగలరు" అని ఉంది. ఆ 'సంగీత సాధన' అన్న మాట చూసి సిగ్గుతో పాటు కొంచెం గర్వం కూడా కలిగింది. కింద పాత యోగా చాప రెండు మడతలు వేసి దాని మీద డ్రమ్ము పెట్టాను. రాత్రి 8 దాటితే బటన్లతోనే. బటన్లతోనూ బాగానే ఆడొచ్చు, కొన్ని కష్టమైన పాటలు బటన్లతోనే తేలిక, కానీ నాకు మాత్రం పుస్తకంలో పులిహోర చూసినట్టుంటుంది.

మృదంగం అన్నయ్యకి ఫోన్లో ఇదంతా చెబితే మొదట నవ్వాడు. వాడిప్పుడు గుంటూరులో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ కచేరీలకి వాయిస్తుంటాడు.

"ఏమే, అది సంగీతం కాదే. ఎవరో వేసిన ముగ్గులో నువ్వు రంగులద్దుతున్నావు" అన్నాడు.

రెండు రోజులు ఆలోచించాను ఆ మాట. నిజమే చాలావరకు. ఇందులో మెల్లగా కొట్టినా గట్టిగా కొట్టినా వచ్చేది ఒకే దొన్. వేలి కొనతో ఒకలా, అరచేత్తో ఒకలా పలకడం లేదు. మనోధర్మం అసలు లేదు, నాకు తోచింది నేను వేస్తే దానికి మార్కు లేదు. ఎక్కడ ఆగాలో తెలియడం కూడా వాయిద్యంలో సగం విద్య. ఆగినందుకు ఈ మెషీన్ ఎప్పుడూ భేష్ అనలేదు. అవన్నీ ఒప్పుకుంటాను. కానీ ముగ్గులో రంగులద్దే పిల్లకి చుక్కల లెక్క తెలియకుండా ఉంటుందా? రెండేళ్ళ తర్వాత ఇప్పుడు సినిమా పాట విన్నా డప్పు ఎక్కడ తిశ్రంలో తిరుగుతోందో నాకు తెలుస్తోంది. వసారాలో విన్నది ఎక్కడికీ పోలేదు.

కాబట్టి నా లెక్క ఇది. దగ్గర్లో గేమ్ సెంటర్ మెషీన్ దొరికేవాళ్ళకి అయిదుకి నాలుగున్నర. ఆ అర ఎందుకు తగ్గించానంటే, ఆదివారాలు వరసలో నిలబడ్డ గంటలకి. పెద్ద డ్రమ్ము, జాప్యం లేదు, పక్కింటివాళ్ళు లేరు. ఇంటి గేముకి మూడున్నర. పిల్లలున్న ఇంట్లో ఇద్దరు కలిసి ఆడుకోవడానికి ఇంతకంటే మంచిది నాకు తెలీదు, ఒకే పాటని ఒకళ్ళు తేలికలో, ఇంకొకళ్ళు రాక్షసంలో పక్కపక్కన ఆడుకోవచ్చు, ఓడిపోయామని ఏడుపులుండవు. డ్రమ్ము కంట్రోలర్ మాత్రం పైన చెప్పిన బాధలన్నీ పడే ఓపిక ఉంటేనే కొనండి, ముందు బటన్లతో ఒక నెల ఆడి చూడండి.

ఈ ఏప్రిల్‌లో అన్నయ్య, వదిన చెర్రీ పూలు చూడ్డానికి వచ్చారు. అకిహబరా తీసుకెళ్ళాను. డ్రమ్ము ముందు నిలబడి, కర్రలు తీసుకోకుండా, ముందు వేళ్ళతో తట్టి చూశాడు. మధ్యలో ఒకసారి, అంచు దగ్గర ఒకసారి. "శ్రుతి లేదు" అన్నాడు. మా అమ్మాయి అప్పటికే నాణెం వేసేసింది. ఇద్దరూ మామూలు స్థాయి పెట్టుకున్నారు. పాట ఎత్తుకోగానే మా వాడు కళ్ళు మూసుకున్నాడు! కచేరీ అలవాటు. తల ఊపుతూ, పాట ఎక్కడ ఊపిరి తీసుకుంటే అక్కడ నింపుతూ, తనకి తోచినట్టు వాయించుకుంటూ పోయాడు. వెనక కుర్చీలో ఫోన్ చూసుకుంటున్నాయన ఫోన్ దించి చూశాడు. తెర మీద మాత్రం నీలం బిళ్ళలన్నీ వచ్చినవి వచ్చినట్టే వెళ్ళిపోతున్నాయి. పాట అయ్యేసరికి మా అమ్మాయి గట్టెక్కింది, వాడి గేజ్ సగం దగ్గరే ఉంది. దొన్‌చన్ దిగాలుగా కూలబడింది.

"ఎక్కడ తప్పానే నేను?" అన్నాడు నా వైపు తిరిగి, నిజంగానే కంగారుపడి.

"ఎక్కడా తప్పలేదన్నయ్యా. రంగులు చూడలేదు నువ్వు."

కాసేపు తెర వంక చూశాడు. తర్వాత మేనకోడలి వైపు వంగి, "ఆ నీలంవాటిని ఏమంటారమ్మా?" అని అడిగాడు.

"కా, మామయ్యా. ఎర్రది దొన్."

"అయితే ఇప్పుడు ఆడిన పాట నోటితో చెప్పు చూద్దాం. చెయ్యి వద్దు."

అది దొన్ దొన్ కా దొన్ అని మొదలుపెట్టింది. వీడు ఎడమ అరచేతిలో తాళం వేస్తున్నాడు. మూడో వరస దగ్గర అది ఆగిపోతే, "మళ్ళీ మొదటి నుంచి" అన్నాడు. వెనక అప్పటికే ముగ్గురు నిలబడ్డారు, ఇద్దర్నీ పక్కకి రమ్మన్నాను.